ఇస్త్రీ అక్క అమ్మిన పాట

ఆ వీధిలో ఎవరింట్లో ఏం జరుగుతోందో ఇస్త్రీ అక్కకు బట్టలే చెప్పేస్తాయి. చొక్కా మోచేతుల దగ్గర మాత్రమే నలిగి ఉంటే ఆ మనిషి ఆఫీసులో బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడని అర్థం. ఎన్నడూ కోటు ముఖం చూడనివాడు కోటు పట్టుకొచ్చాడంటే పాత ఉద్యోగం ఊడి కొత్తది వెతుక్కుంటున్నాడని అర్థం. ఇవన్నీ తెలిసినా అక్క పైకి అనదు. అనకుండా ఉండలేనప్పుడు మాత్రం అంటుంది, అదీ వీధి ఆ చివరిదాకా వినపడేలా.

దుకాణం పెద్దదేం కాదు. ఒక షట్టరు, దాని వెనక పొడవాటి బల్ల, బల్ల మీద మడతలు పెట్టి పరిచిన పాత దుప్పటి, బుసలు కొట్టే ఆవిరి ఇస్త్రీపెట్టె, గోడ పొడుగునా హ్యాంగర్లు. అమ్మ పోయాక తమ్ముణ్ణి అక్కే పెంచింది. ఆ బల్ల కిందే వాడు పాఠాలు చదివాడు, అన్నం తిన్నాడు, నిద్రపోయాడు. ఎదురింట్లో అద్దెకుండే బ్యాండు మాస్టారు ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిపోయిన పాత క్లారినెట్ కూడా ఆ బల్ల కిందే మొదటిసారి ఊదాడు. ఆ రోజు బట్టలివ్వడానికి వచ్చినావిడ కింద పిల్లి ఏదో చావుబతుకుల్లో ఉందని కంగారుపడింది.

ఊదగా ఊదగా తమ్ముడికి విద్య వచ్చింది, పెళ్లయింది, నెత్తిన జుట్టు పలచబడింది. వీధి మాత్రం వాణ్ణి ఇప్పటికీ పీపీ మాస్టారనే అంటుంది. వాడితో పాటు వాయించేవాళ్లు ఇంకో ఇద్దరు. గిటారు వాయించేవాడు పగలు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. డ్రమ్ము వాయించేవాడు పగలు ఏం చేస్తాడో అతని భార్యకే సరిగ్గా తెలియదు.

సంగీతం గురించి అక్కకు తెలిసింది గుండుసున్నా. "గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన" అని తన మీద తనే సామెత విసురుకునేది. కానీ అమ్మడం తెలుసు. తమ్ముడి మొదటి సీడీ తయారైనప్పుడు వాడు అట్టపెట్టెలు మోసుకొచ్చి బల్ల దగ్గర దించి, మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"మ్యూజిక్ షాపువాళ్లు ఒక్కటి కూడా తీసుకోలేదక్కా."

"వాళ్లు తీసుకునేదేంట్రా, నేను చచ్చానా?" అంది అక్క.

మర్నాటి నుంచి ఇస్త్రీ బట్టల ప్రతి మూటలోనూ, పై చొక్కాకీ దాని కింది చొక్కాకీ మధ్య, ఒక సీడీ వెళ్లింది. జనం ఇంటికెళ్లి మూట విప్పి, సీడీ చూసి, తిరిగొచ్చేవారు.

"అక్కా, నేనిచ్చింది చొక్కాలే కదా, ఇదేంటి?"

"చొక్కాలతో పాటు వచ్చింది. విను, చెవులేం అరిగిపోవులే."

"ఎంతేంటి?"

"నీ ప్యాంటు జేబులో మర్చిపోయిన నోటు తిరిగిచ్చానా లేదా? అప్పుడు ఎంత, ఎందుకు అని అడిగావా?"

ఆ మాట తర్వాత బేరమాడినవాడు లేడు. పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. పాట బాగుండి కొన్నారా, అక్క నోటికి జడిసి కొన్నారా అన్నది తేల్చడానికి ఎవరూ పూనుకోలేదు. అయితే ఒకటి మాత్రం నిజం. కొన్న వస్తువు ఇంట్లో పడి ఉంటుంది. ఏదో ఒక వానపూట ఏమీ తోచక చేతికి తగులుతుంది. అలా తగిలినప్పుడు పెట్టుకుని విన్నవాళ్లున్నారు. మందుల షాపావిడైతే రెండోది ఎప్పుడొస్తుందని తనంతట తనే అడిగింది. ఆ డబ్బుతోనే ముగ్గురూ రెండో సీడీకి స్టూడియో అద్దె కట్టుకున్నారు. అక్క అదీ అమ్మిపెట్టింది.

తర్వాత రోజులు మారాయి. జనం ఇళ్లలో సీడీ పెట్టుకునే డబ్బాలు అటకెక్కాయి. చేతిలో సీడీ పెడితే అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేయడం మొదలుపెట్టారు. "తీసుకునేవాణ్ణే అక్కా, కానీ పెట్టుకోడానికి కన్నమేదీ?" అన్నాడు సెలూన్ ఆయన. "కొత్త కారులో కూడా కన్నం తీసేశారు."

"కన్నం తియ్యడమేంటయ్యా, పూడ్చేశారు అను," అని అక్క కారు చేసినవాళ్లని, కొన్నవాళ్లని కలిపి తిట్టింది. తిడితే కన్నాలు వస్తాయా? రాలేదు.

ఈసారి తమ్ముడి కొత్త పాట సీడీగా రాలేదు. నేరుగా ఫోన్లోకి వెళ్లిపోయింది. పాట పేరు "పొద్దున్నే". వాడు దుకాణానికి వచ్చి, అక్క ఫోను తీసుకుని, ఏదో నొక్కి, "ఇదిగో, ఇక్కడుంది," అని చూపించాడు. అక్క వేలితో తట్టి చూసింది. మూటలో పెట్టడానికి వీల్లేదు, చొక్కాల మధ్య దోపడానికి వీల్లేదు.

"చేతికి దొరకని సరుకు ఎలా అమ్మనురా?"

"అమ్మక్కర్లేదక్కా. ఎవరైనా ఊరికే వినొచ్చు. వాళ్లు విన్నప్పుడల్లా మనకి ఏదో చిటికెడు వస్తుంది. అర నిమిషం దాటి వింటే ఒకసారి విన్నట్టు లెక్క."

"చిటికెడంటే?"

"వీధంతా వింటే ఒక టీ."

"టీ ఎవరికి? ముగ్గురికీనా?"

"ఒకరికే. అదీ చక్కెర లేకుండా."

వాడు నవ్వుతూనే అన్నాడు కానీ ఆ నవ్వు కళ్లదాకా వెళ్లలేదు. వాడి దగ్గర క్లారినెట్ పాఠాలకొచ్చే పిల్లలు తగ్గిపోయారు, ఫోన్లో చూసి నేర్చుకుంటున్నారట. సరుకుల గోదాము యజమాని సాయంత్రం షిఫ్టు చూసుకోమని పిలుస్తున్నాడు. బండ్లు వచ్చే వేళ నుంచి వెళ్లే వేళ దాకా ఉండాలి. సాధన చేసేదీ, ఎక్కడైనా పిలిస్తే వాయించేదీ ఆ సాయంత్రాలే. చేరితే క్లారినెట్ మాట మర్చిపోవాల్సిందే.

"ఈ పాటతో తేలిపోవాలక్కా," అన్నాడు తమ్ముడు. "జనం వింటే సరే. వినకపోతే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా, ఎన్నాళ్లని ఊదను? పెట్టెలో పెట్టేసి గోదాములో చేరిపోతా."

వాడు వెళ్లాక అక్క చాలాసేపు ఒకే చొక్కాని ఇస్త్రీ చేసింది. ఎవరో తన బల్ల ఎత్తుకుపోతామన్నంత గాభరా పుట్టింది ఆమెకు. ఆ గాభరాలోంచి ఒక ఆలోచన పుట్టింది. గాభరాలో పుట్టిన ఆలోచనలన్నిటిలాగే అది ఆ క్షణంలో బ్రహ్మాండంగా ఉంది. అర నిమిషం వింటే ఒకసారి లెక్క. అలాంటప్పుడు పాటంతా వినడం దేనికి, టైము దండగ? అర నిమిషం కాగానే మళ్లీ మొదటికి తిప్పేస్తే పాట సాగేంతసేపట్లో ఎన్నిసార్లు విన్నట్టు!

బయట బెంచీ మీద కూర్చున్న మొగుడికి చెప్పింది. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. జీవితమంతా జనాన్ని ఎక్కించడం దించడం తప్ప ఇంకేం చేయలేదు కనుక విషయం చప్పున పట్టుకున్నాడు.

"అంటే ప్రతి స్టాపులో దింపి, మళ్లీ మొదటి స్టాపు నుంచి టికెట్టు కొట్టమంటావు."

"అదే. కానీ మా తమ్ముడికి తెలియకూడదు."

"తప్పు కదే?"

"తమ్ముడి పాట అక్క వింటే తప్పా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన రెండు ఫోన్లు చేతిలోకి తీసుకున్నాడు.

రెండు రోజుల్లో వీధంతా పనిలోకి దిగింది. సెలూన్ ఆయన అద్దం ముందు ఫోను నిలబెట్టి, కత్తెర ఆడిస్తూ మధ్యమధ్య చిటికెన వేలితో పాటను మొదటికి తిప్పేవాడు. గడ్డం చేయించుకోవడానికి వచ్చినవాళ్లు కళ్లు మూసుకుని, ఇదేం పాటరా బాబూ, బయల్దేరిన చోటికే వస్తోంది అనుకునేవారు. మందుల షాపావిడ మాత్రల అట్ట కత్తిరించినప్పుడల్లా ఒకసారి నొక్కేది. ఎదురు కొట్లో కూర్చునే టైలరు పెద్దాయన కుట్టు చివరికొచ్చిందంటే పాట మొదటికొచ్చేది. కండక్టరుగారు బెంచీ మీద కూర్చుని, అర నిమిషం కాగానే తనలో తానే "హోల్డాన్" అని, మొదటికి తిప్పి "రైట్ రైట్" అనేవాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

పాట మొదట్లో గిటారు మెట్లెక్కుతున్నట్టు గలగలమని వస్తుంది, దాని వెనక డ్రమ్ము నెమ్మదిగా అడుగులేస్తుంది. అర నిమిషానికి సరిగ్గా మెట్లు అయిపోయి గుమ్మం ముందు ఆగినట్టుంటుంది. ఆ ముక్క వీధికి నోటికొచ్చేసింది. బడికెళ్లే పిల్లలు దానికి తగ్గట్టు అడుగులేస్తూ వెళ్లారు. మందుల షాపావిడ మనవరాలు అది లేకపోతే నిద్రపోనని మొండికేసింది.

ఒక్క సెలూన్ ఆయనకే అనుమానం వచ్చింది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"అక్కా, పాటంతా గిటారే ఉందేంటి? మన పీపీ మాస్టారు ఎక్కడా ఊదడే?"

"లోపలెక్కడో ఊదుతాడు. నీకెందుకు? నీ కత్తెర నువ్వు చూసుకో."

నిజం చెప్పాలంటే అక్కకూ తెలియదు. రోజంతా ఆ పాట పెట్టేదే కానీ గుమ్మం దాటి లోపలికి ఆమె కూడా ఎప్పుడూ వెళ్లలేదు.

ఒకరోజు పొద్దున తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. అలాంటి మొహం వాడి పెళ్లినాడు కూడా అక్క చూడలేదు.

"అక్కా! వింటున్నారే! జనం వింటున్నారు! ఈ అంకె చూడు. రోజురోజుకీ పెరుగుతోంది. ఎవరో ఏంటో తెలీదు. మన మొహం ఎరగనివాళ్లు, మన పేరు తెలియనివాళ్లు... ఎక్కడెక్కడో కూర్చుని వింటున్నారు!"

ఎక్కడెక్కడో కాదు నాయనా, సెలూన్లో, మందుల షాపులో అని అక్క గొంతుదాకా వచ్చింది. ఆ మొహం చూసి మింగేసింది.

"ఆ అంకె చూసే కమ్యూనిటీ హాలు మేనేజరు ఫోను చేశాడు. శనివారం సాయంత్రం ప్రోగ్రాం పెట్టుకోమన్నాడు. ఇంకో మాట," అని వాడు ఊపిరి తీసుకున్నాడు. "గోదాము ఆయనకి రానని చెప్పేశా."

"ఏమని చెప్పావు?"

"నా పాట వినేవాళ్లున్నారండీ, నాకు మీ ఉద్యోగం అక్కర్లేదు అని."

అక్క తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. తమ్ముడు బావకు దండం పెట్టి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చెప్పేయ్," అన్నాడు కండక్టరు.

"చెప్తే వాడి గుండె ఆగిపోతుంది."

"చెప్పకపోతే శనివారం ఖాళీ కుర్చీలు చూసి ఆగిపోతుంది."

"కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉంటాయి?" అంది అక్క. ఆ మాట అన్నాక ఆమె కళ్లలో వచ్చిన మెరుపు చూసి కండక్టరు భయపడ్డాడు. చాలా ఏళ్ల కిందట సీడీలు మూటల్లో దోపిననాడు కూడా ఆ మెరుపే వచ్చింది.

శుక్రవారం నుంచి ఇస్త్రీ బట్టలు ఎవరికీ ఇవ్వలేదు. అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు: "శనివారం సాయంత్రం హాల్లో ఇస్తా. వచ్చి తీసుకోండి." సోమవారం ఇంటర్వ్యూ ఉన్న కుర్రాడు బతిమాలాడు. "హాల్లోనే ఉంటుంది నీ కోటు, దిగులుపడకు," అంది. టైలరు పెద్దాయన మాత్రం బట్టలు లేకపోయినా వస్తానన్నాడు. మందుల షాపావిడ కూడా ఎలాగూ వచ్చేదాన్నే అంది. భయానికి వచ్చేవాళ్లు, ప్రేమకి వచ్చేవాళ్లు, చొక్కాకి వచ్చేవాళ్లు అందరూ కలిసి హాలు నిండింది. అక్క గుమ్మం దగ్గర నిలబడి ఎవరి మూట వాళ్ల చేతిలో పెట్టి లోపలికి తోసింది. మూటలు ఒళ్లో పెట్టుకుని, హ్యాంగర్లు చేత్తో పైకెత్తి పట్టుకుని కూర్చున్న జనాన్ని చూసి హాలు మేనేజరు ఇది సంగీతం ప్రోగ్రామా, బట్టల సంతా అని ఆలోచనలో పడ్డాడు.

తెర పక్క నుంచి తొంగిచూసిన తమ్ముడికి తెలిసిన మొహాలే కనిపించాయి. ఇంట గెలిచి రచ్చ గెలవాలి కదా, ముందు ఇల్లే వచ్చిందిలే అని సరిపెట్టుకున్నాడు పాపం. బయటివాళ్లు వెనక వస్తారనుకున్నాడు.

ముగ్గురూ వేదిక మీదకి వచ్చి కూర్చున్నారు. గిటారు మెట్లెక్కడం మొదలుపెట్టింది. అంతే, హాలంతా ఒక్కసారి ఊగింది. పిల్లలు కాళ్లాడించారు, మందుల షాపావిడ తలాడించింది, సెలూన్ ఆయన వేళ్లు గాల్లో కత్తెర ఆడించాయి. జనానికి ప్రతి ముక్కా తెలుసు! తమ్ముడి కళ్లు చెమర్చాయి. క్లారినెట్ పెదాల దగ్గరకు తెచ్చుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని, తన వంతు కోసం కాచుకున్నాడు.

అర నిమిషం అయింది.

"హోల్డాన్!" అన్నాడు కండక్టరు, అలవాటుకొద్దీ, కాస్త గట్టిగానే.

హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. మామూలు చప్పట్లు కావు, పైకప్పు లేచిపోయే చప్పట్లు. ముందు వరసలో కొందరు మూటలు చంకన పెట్టుకుని లేచి నిలబడ్డారు కూడా. ఇంటర్వ్యూ కుర్రాడు కోటుతో గుమ్మందాకా వెళ్లిపోయాడు. గిటారు ఆగింది. డ్రమ్ము ఒక దెబ్బ ఎక్కువ కొట్టి ఆగింది. చప్పట్లు సద్దుమణిగాక, ఆ నిశ్శబ్దంలో సెలూన్ ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది.

"మళ్లీ మొదటికేనా అక్కా?"

తమ్ముడు క్లారినెట్ కిందికి దించాడు. సెలూన్ ఆయన్ని చూశాడు, బావ చేతిలోని రెండు ఫోన్లని చూశాడు, ఆఖరికి అక్కను చూశాడు. వాడికి అర్థం కావాల్సిందంతా అర్థమైంది. ఆ మొహంలో వెలుగు ఆరిపోవడం అక్క కళ్లారా చూసింది. దానికంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

"ఇంకా ఉంది," అన్నాడు తమ్ముడు, మెల్లగా. "నేను వాయించేది... ఇంకా మొదలే కాలేదు."

"ఇంకా ఉందా!" అని మందుల షాపావిడ నిజంగానే ఆశ్చర్యపోయింది.

అక్క లేచింది. ఎప్పుడూ వీధి చివరిదాకా వినిపించే గొంతు ఇప్పుడు రెండు వరసలు దాటడానికి కష్టపడింది.

"కూర్చోండర్రా. వాళ్ల తప్పేం లేదురా, అంతా నాదే. ఆ అంకె మేమే. నేను, మీ బావ, ఈ వీధి. అర నిమిషం కాగానే వెనక్కి తిప్పెయ్యమని నేనే చెప్పా. నువ్వు మానేస్తావేమోనని భయమేసి చేశా. ఎవ్వరం ఆ అర నిమిషం దాటి వినలేదు. నేను కూడా వినలేదురా."

వెనక నిలబడ్డ హాలు మేనేజరు ఈ మాట విని అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. తమ్ముడు క్లారినెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నారు అందరూ. అక్క అయితే వాడు వెళ్తే అడ్డం పడడానికి సిద్ధంగా నిలబడింది.

"నువ్వు కూర్చో," అన్నాడు అక్కతో, కటువుగా. తర్వాత గిటారు స్నేహితుడి వైపు తిరిగి, "మొదటినుంచి," అన్నాడు.

మళ్లీ మెట్లు. మళ్లీ గుమ్మం. ఈసారి కండక్టరు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అప్పుడు క్లారినెట్ లోపలికి అడుగుపెట్టింది.

అది చాలా మామూలుగా మొదలైంది. కింది స్వరంలో, పని చేసుకుంటూ ఎవరో తమలో తాము గొణుక్కుంటున్నట్టు. రెండు మలుపులు తిరిగిందో లేదో, జనం ఒక్కొక్కరే తలలు తిప్పి అక్క వైపు చూడసాగారు. సెలూన్ ఆయన నోరు తెరిచి చూశాడు. టైలరు పెద్దాయన ముసిముసిగా నవ్వాడు. ముందు వరసలో ఎవరో ఒకావిడ వెనక్కి తిరిగి, అక్కను చూసి, పక్కావిడను మోచేత్తో పొడిచింది. అక్క జుట్టు సవరించుకుంది, మెడ తడుముకుంది, జాకెట్టు గుండీలు చూసుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి.

"ఏంటండీ నన్ను చూస్తారు?" అంది మొగుడి చెవిలో.

"నీదే కదా మరి," అన్నాడాయన.

"ఏది నాది?"

"ఆ రాగం. ఇస్త్రీ చేస్తూ నువ్వు పాడుకునేది."

"నేనా? నేనెప్పుడు పాడానండీ? నాకు పాటలొచ్చా ఏంటి?"

"మన పెళ్లైన దగ్గర్నుంచీ వింటున్నా. రోజూ షట్టరు ఎత్తగానే అదే కూనిరాగం."

వెనక వరస నుంచి టైలరు పెద్దాయన ముందుకు వంగాడు. "అమ్మా, నేను మీ ఎదురుగానే కదా కూర్చునేది. అది వినకపోతే నా మిషను కదలదు."

"మరి ఎవ్వరూ చెప్పలేదే నాకు!"

"చెప్తే మానేస్తావని చెప్పలేదు," అన్నాడు కండక్టరు. "ఇదిగో, ఇప్పుడు చూడు. కాలరు దగ్గరకొచ్చాక నీళ్లు చిలకరించడానికి ఆగుతావు నువ్వు."

క్లారినెట్ ఆగింది. సరిగ్గా అక్కడ, సగం మాట మీద ఆగినట్టు, ఆగింది. హాల్లో అందరికీ ఆ ఆగడం తెలుసు. బట్టలివ్వడానికి వచ్చి బల్ల ముందు నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. ఎవరో నవ్వారు, ఇంకెవరో ముక్కు చీదారు. తర్వాత రాగం మళ్లీ అందుకుని ఇంకా పైకి వెళ్లింది, అక్క గొంతు ఏనాడూ వెళ్లలేని చోటికి.

అక్క ఏడ్చేసింది. దాచుకోవాలనుకోలేదు, దాచుకున్నా ఆగేది కాదు. ఒళ్లో ఉన్నది ఎవరి చొక్కానో, దాంతోనే కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ వాడి పాట బతకాలని ఊరంతా తిప్పింది కదా, ఆ పాట లోపల కూర్చున్నది తనేనని చూసుకోలేదు. దానికే ఆమెకు ఏడుపు ఎక్కువైంది.

పాట అయిపోయాక చప్పట్లు వెంటనే రాలేదు. నిజంగా అయిపోయిందా, ఇంకా ఉందా అని జనం కాసేపు కాచుకున్నారు. అయిపోయిందని డ్రమ్మాయన చేత్తో సైగ చేశాక కొట్టారు.

గుమ్మం దగ్గర బల్ల మీద డ్రమ్మాయన ఒక అట్టపెట్టె తెచ్చి పెట్టాడు. ఈ పాటతో కొద్ది సీడీలే వేయించారట, అదీ ముగ్గురి ముచ్చట కోసం. కొందరు కొన్నారు, చాలామంది కొనలేదు. "కన్నం లేదు, అయినా ఇవ్వు," అన్నాడు సెలూన్ ఆయన. "అద్దం పక్కన పెట్టుకుంటా. వచ్చినవాడికి మా వీధి పాట అని చెప్పుకోవచ్చు."

అందరూ వెళ్లాక అక్కాతమ్ముళ్లు హాలు మెట్ల మీద కూర్చున్నారు.

"తప్పయిపోయిందిరా."

తమ్ముడు క్లారినెట్ ముక్కలు విడదీసి తుడుస్తున్నాడు. "అంకె దొంగదైతే పోనీ అక్కా. నువ్వొక్కదానివైనా చివరిదాకా విని, నాకు ఫోను చేస్తావనుకున్నా. రోజూ చూశా నీ ఫోను కోసం."

అక్క ఇంకాస్త దగ్గరగా జరిగింది. వాడి భుజం మీద చెయ్యి వేసింది. వాడు తీసెయ్యలేదు.

"గోదాము ఆయనతో నేను మాట్లాడతా. ఆయన చొక్కాలు నా దగ్గరే ఉన్నాయి," అంది.

"వద్దు తల్లీ!" అని తమ్ముడు చేతులు జోడించాడు. "నువ్వు ఇంకెవరితోనూ మాట్లాడకు. నేనే వెళ్తా."

వెళ్లాడు. సాయంత్రం షిఫ్టుకు అప్పటికే వేరేవాణ్ణి పెట్టుకున్నారు. తెల్లవారుజామున సరుకు ఎక్కించే దగ్గర లెక్క చూసే పని మాత్రం ఖాళీగా ఉంది. జీతం తక్కువ, చలి ఎక్కువ. గొణుక్కుంటూనే చేరాడు. సాయంత్రాలు చేతిలోనే ఉన్నాయి కనుక క్లారినెట్ పెట్టెలోకి వెళ్లలేదు. వీధివాళ్లతో ఒకటే మాట అన్నాడు: "వినాలనిపిస్తే చివరిదాకా వినండి, లేకపోతే పెట్టకండి." ఫోన్లలో పాటను వెనక్కి తిప్పడం ఆగింది. రోజుకి వచ్చే అంకె జారి జారి ఒక టీ గ్లాసు అడుక్కి చేరింది. తమ్ముడు దాన్ని రోజూ చూసుకుని, ఇవి నిజమైనవి అని బావకు చూపించేవాడు.

అసలు చిక్కు అక్కకు వచ్చింది. సోమవారం షట్టరు ఎత్తి, ఇస్త్రీపెట్టె వేడెక్కాక, మొదటి చొక్కా పరిచింది. గొంతు పెగల్లేదు. వీధంతా చెవులు రిక్కించి ఉందని తెలిశాక ఎవరికి పెగులుతుంది? మంగళవారమూ అంతే. రాగం ఎలా మొదలవుతుందో కూడా ఆమెకు గుర్తు రాలేదు, అసలు ఎప్పుడూ తెలిసి పాడింది కాదాయె. ఎదురు కొట్లో టైలరు పెద్దాయన మిషను మూలుగుతోందని రెండుసార్లు నూనె వేసుకున్నాడు.

బుధవారం అక్క తమ్ముడింటికి వెళ్లి, మరదలి చేతిలో డబ్బు పెట్టి, మిగిలిన సీడీల్లోంచి ఒకటి తీసుకుంది. మీ దగ్గర డబ్బులేంటి వదినా అని మరదలు నొచ్చుకుంటే, "ఇన్నాళ్లూ అమ్మిపెట్టినప్పుడు ఎవరినైనా ఊరికే తీసుకోనిచ్చానా? సరుకు సరుకే," అంది. కండక్టరు అటకెక్కి దుమ్ము దులిపి పాత ప్లేయరు దించాడు. దాన్ని హ్యాంగర్ల పక్కన పెట్టి సీడీ వేశారు. పాట మెట్లు ఎక్కింది, గుమ్మం దాటింది. అక్క చొక్కా మీద చెయ్యి ఆనించి, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి, తలవంచి విన్నది.

"ఏవండీ," అంది కాసేపటికి, "నేను నిజంగా ఇలాగే పాడేదాన్నా?"

కండక్టరు బెంచీ మీద నుంచి కాస్త ఆలోచించాడు. "ఇలా కాదులే. వాడు శ్రుతిలో వాయించాడు."

తడిగుడ్డ వెళ్లి ఆయన మొహానికి తగిలింది. ఆయన దాన్ని తీసి పిండుతూ ఇంకేదో అనబోయాడు.

"ష్," అంది అక్క. "ఇంకా ఉంది."